వంశవృక్షంలో నేను గీసిన గీత

ఇటలీలో ఒక కొండ మీద నలభై మూడు గదుల ఇల్లొకటి ఉంది. నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఆ ఇంటి వంటగదిలో బయల్దేరి, ఇరుకు మెట్లెక్కి, పట్టుపురుగులు పెంచిన అటక దాకా తడుముకోకుండా వెళ్లగలను. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్‌లోని ఒక పాత దుకాణం పై అంతస్తులో ఏడు నెలలు కూర్చుని ఆ ఇంటికి వెబ్‌సైట్ కట్టింది నేనే.

వై2కె హడావుడి ముగిసి, లోకం మునగనందుకు కొంచెం నిరాశపడి, అందరూ డాట్‌కామ్‌ల మీద పడిన రోజులవి. కోడిగుడ్లు అమ్మేవాడికీ వెబ్‌సైట్ కావాలి, శవపేటికలు చేసేవాడికీ వెబ్‌సైట్ కావాలి. మా కంపెనీలో ఎనిమిది మందిమి. బాస్ అక్కడే పుట్టి పెరిగిన చైనీయుడు. క్లయింటు ఏమడిగినా "కెన్, కెన్" అనేవాడు, అయిపోతుందని. ఆ తర్వాత మా వైపు తిరిగి అదెలా అవుతుందని అడిగేవాడు.

ఆ ఇంటి వారసుడు సింగపూర్‌లోనే సోఫాలు అమ్ముకుంటున్న ఇటలీ ఆయన. వాళ్లది ప్రభువుల వంశం. ఆ బిరుదుని విజిటింగ్ కార్డు మీద వేసుకోవడానికి ఆయనకి సిగ్గు, వెబ్‌సైట్‌లో వేసుకోవడానికి ముచ్చట. ఇల్లు కురుస్తోంది. గదులు పెళ్లివాళ్లకి అద్దెకిచ్చి కప్పు బాగుచేయించాలని ఆయన ఆలోచన. చరిత్ర ఎంత పొడుగుంటే జనం అంతగా వస్తారన్నది ఆయన నమ్మకం. అందుకని ఊళ్లో ఉన్న తన ముసలి మేనత్త చేత ఇంటి చరిత్రంతా ఇంగ్లీషులో రాయించి, రెండు లావుపాటి ఫైళ్లు తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

ఆవిడ రాత నాకు నచ్చింది. పూర్వీకుల్ని పొగడదు. మొదటివాడు ఉప్పు అమ్మాడు, ఆ డబ్బుతో బిరుదు కొన్నాడు, బిరుదుకి తగ్గట్టు ఇల్లు కట్టాడు అని మూడు ముక్కల్లో తేల్చేసింది. పెద్ద హాలు కప్పు మీద దేవతల బొమ్మలు వేయించినవాడు, వేసినవాడికి మాత్రం సగం డబ్బే ఇచ్చాడట. యుద్ధంలో సైనికులు వచ్చి అదే హాల్లో గుర్రాలు కట్టేశారు. ఇంకో చలికాలంలో పియానో కాళ్లు విరిచి పొయ్యిలో పెట్టారు. నిమ్మచెట్లు మాత్రం మారాజుల్లా బతికాయి. చలి మొదలవగానే కుండీలతో సహా వాటిని లోపలికి మోసుకొచ్చి, వాటికని కట్టిన గదిలో పెట్టేవాళ్లు. ఆ ఇంట్లో వెచ్చటి గది అదొక్కటేనట.

ఇంటికి ఒక్కటే సూత్రం: చీలకూడదు. నలుగురు అన్నదమ్ములుంటే ఒక్కడే పెళ్లి చేసుకునేవాడు. మిగతావాళ్లు బ్రహ్మచారులుగా అదే ఇంట్లో ఉండిపోయేవాళ్లు, లేదా మతగురువులయ్యేవాళ్లు. ఆడపిల్లలు చాలామంది మఠాల్లో చేరేవాళ్లు. అలా తరాల తరబడి మనుషులు తరిగారు గానీ ఇల్లు తరగలేదు.

చదువుతుంటే నాకేం వింతగా అనిపించలేదు. మాదీ ఆ బాపతే. కాకపోతే మాది ప్రభువుల వంశం కాదు, గోదావరి జిల్లాలో ఆరెకరాల వరి. తాతయ్య దాన్ని మా అమ్మకీ, ఆవిడ తమ్ముడికీ చెరి సగం రాసి పోయాడు. మధ్యలో గట్టు వెయ్యలేదు. వెయ్యాల్సిన పనిలేదని నా బారసాల నాడే తేల్చేశారు. అప్పటికి మామయ్యకి తొమ్మిదేళ్లు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టి, ఈ పిల్లని చేసుకుంటావురా అంటే, అయిదు బూరెలు నోట్లో కుక్కుకుని ఉన్నాడేమో, తలూపాడట. ఆ బూరెల కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

మామయ్య ముందుగా సింగపూర్ వచ్చాడు, ఒక బ్యాంకు కంప్యూటర్ల పనికి. నాకు అమీర్‌పేటలో కోర్సు చేయించిందీ, ఇక్కడ ఉద్యోగం చూసిందీ, విమానం దిగగానే గొడుగు కొనిచ్చిందీ ఆయనే. పెళ్లికి ముందు ఒకే ఇంట్లో ఉంటే బాగుండదని, వుడ్‌ల్యాండ్స్‌లో ఒక హైదరాబాదీ ముస్లిం కుటుంబం ఫ్లాట్‌లో నాకు గది అద్దెకు చూసిపెట్టి, తను సెంబవాంగ్‌లో ఉండేవాడు. మధ్యలో ఒక్క స్టేషనే. రోజూ పొద్దున్న నేను వుడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కేదాన్ని. మూడో బోగీ, రెండో తలుపు. సెంబవాంగ్‌లో ఆ తలుపు తెరుచుకోగానే ఎదురుగా మామయ్య ఉండేవాడు. నా బ్యాగు తను పట్టుకునేవాడు. ఒకరోజు కావాలనే పది నిమిషాలు ముందు రైలెక్కాను. ఆఫీసు చేరేసరికి మామయ్య నుంచి రెండు ఫోన్లు వచ్చి ఉన్నాయి, అమ్మాయికి ఒంట్లో బాగుందా అని. కోప్పడలేదు. మర్నాటినుంచి తను కూడా పది నిమిషాలు ముందొచ్చాడు.

ఆయనలో వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే నా పీకలమీదకొచ్చింది. తాగడు, అరవడు, చెయ్యి పట్టుకోడు. నా పాస్‌పోర్టు పోతుందేమోనని తన ఇనప బీరువాలో దాచాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసు పక్కన తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉన్న హాకర్ సెంటర్‌కి వచ్చి, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసేవాడు, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపేవాడు. నాకేం కావాలో అడక్కుండానే తెచ్చేవాడు. తెచ్చింది నాకిష్టమైనదే అయ్యుండేది. ఆయన చెడ్డవాడైతే నాకెంత సుఖంగా ఉండేదో. ఒక్కసారి నోరు పారేసుకున్నా చాలు, అది పట్టుకుని బయటపడేదాన్ని. రాత్రిళ్లు నిద్రపట్టనప్పుడు కాదు, పట్టపగలు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఉండగా నాకు ఊపిరాడేది కాదు.

ఆదివారాలు అమ్మ ఫోను. మాఘంలో ముహూర్తం పెట్టించానని ఒకసారి చెప్పింది. నేనేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు లోకంలో. మా ఇంట్లో అది పూర్తి అంగీకారమే.

నేను అద్దెకున్న ఫ్లాట్ ఆంటీకి మొదట ఈ సంగతి తెలీదు. మామయ్య ఆదివారం వస్తే, అయినవాళ్లింటికి వచ్చాడన్నట్టు బిర్యానీ పెట్టి కూర్చోబెట్టేది. మాటల్లో పెళ్లి సంగతి చెప్పాను. ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "మామూ అంటే బాప్ లెక్క గదమ్మా," అంది చివరికి. వాళ్లలో పినతండ్రి పిల్లల్ని చేసుకోవచ్చు గానీ మేనమామని చేసుకోకూడదు. మాకు పినతండ్రి కొడుకంటే అన్నయ్య. ఎవరి ఆచారం వాళ్లదని ఇద్దరం సర్దుకున్నాం. కానీ ఆ ఆదివారం నుంచి మామయ్యకి బిర్యానీ కారిడార్‌లో కుర్చీ వేసి పెట్టేది.

ఇటలీ ఇంటి వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా గొప్ప పేజీ వంశవృక్షం. ఒక్కో మనిషికి ఒక్కో గడి. గడి నొక్కితే ఆ మనిషి ఉన్న గది తెరుచుకుంటుంది. పెళ్లి అయితే రెండు గడుల మధ్య అడ్డంగా గీత, పిల్లలైతే కిందికి గీత. ఫైలు చూసుకుంటూ ఒక్కొక్కరినీ కలుపుతూ పోయాను. అలా ఒక మేనకోడలి దగ్గరికొచ్చాను. ఆవిడ తల్లి పురిట్లోనే పోయింది. తాతకి మనవరాలంటే ప్రాణం. పోతూ ఇంట్లో సగం మనవరాలికీ, సగం తన కొడుక్కీ, అంటే ఆ పిల్ల మేనమామకీ రాశాడు. ఆ ఇద్దరూ ఆ ఇంట్లోనే నలభై ఏళ్లు కలిసి ఉన్నారు. ఇల్లు చీలలేదు. వాళ్ల తర్వాత దూరపు బంధువుకి వెళ్లింది. ఇద్దరి సమాధులూ ఇంటి ప్రార్థనామందిరంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఇంకేం కావాలి. సగం ఇల్లు ఆమెది, సగం ఆయనది, ఒకటే కప్పు, చివరికి పక్కపక్కన సమాధులు. నేను క్షణం ఆలోచించకుండా ఇద్దరి మధ్యా అడ్డంగా గీత గీసేశాను. పైగా నాది ఉదార హృదయం కదా, కొండ వైపు గదికి దంపతుల గది అని పేరు పెట్టి, పిల్లలు కలగకపోయినా ఒకరికొకరు తోడుగా బతికారని రెండు వాక్యాలు కూడా చేర్చాను. పెళ్లివాళ్లకి అద్దెకిచ్చే గది, బాగుంటుందనుకున్నాను.

రెండు రోజుల తర్వాత క్లయింటు ఫోను చెయ్యకుండా నేరుగా మేడెక్కి వచ్చాడు. బాస్‌తో మాట్లాడకుండా నా దగ్గరికొచ్చి, తెర మీద ఆ గీత మీద వేలు పెట్టి, ఇది ఎవరు చెప్పారని అడిగాడు. మీ ఫైల్లోనే ఉందన్నాను. ఫైలు తీసి చూపించాను. ఆయన చదివి, ఇందులో పెళ్లని ఎక్కడుందన్నాడు. నేనూ చదివాను. ఎక్కడా లేదు. మా ఊళ్లో అయితే అలా జరిగేదని, అందుకే అలా అనుకున్నానని ఏదో నసిగాను. ఆయన కోపంగా వచ్చాడు గానీ, ఆ మాటకి కోపం పోయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెనకనుంచి బాస్, కెన్ చేంజ్, కెన్ చేంజ్ అంటూనే ఉన్నాడు.

వాళ్ల ఇంట్లో మేనమామని చేసుకోవడం అన్నది ఎవరి ఊహకీ అందని సంగతట. ఆవిడ అసలు పెళ్లే చేసుకోలేదు. ఆవిడకి మూడు సంబంధాలొచ్చాయి. ముగ్గుర్నీ మేనమామే మర్యాదగా భోజనం పెట్టి వెనక్కి పంపాడు. ఆవిడ బయటివాణ్ణి చేసుకుంటే సగం ఇల్లు బయటికి పోతుంది. అలాగని ఆవిణ్ణి బాధపెట్టలేదు. కొండ వైపు మంచి గది ఇచ్చాడు, సంగీతం నేర్పించాడు, నిమ్మచెట్లు ఆవిడ కోసమే తెప్పించాడు. ఆవిడ తోటలోకి వెళ్తే తోటలోకి వెళ్లేవాడు, ప్రార్థనకి వెళ్తే ప్రార్థనకి వెళ్లేవాడు. ఆ ఇంటి ఉత్తరాలన్నీ ఫైళ్లు రాసిన మేనత్త చదివిందట. మేనమామ రాసిన వాటిలో ఒక్క పరుషమైన మాట లేదట. క్లయింటు ఆ మాట మాకు ధైర్యం చెబుతున్నట్టు చెప్పాడు.

ఆవిడ ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్లిందా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు. ప్రార్థనామందిరం ఇంటి ఆవరణలోనే ఉంది కాబట్టి, మేనమామ పోయినప్పుడు అంత్యక్రియలకి కూడా గేటు దాటాల్సిన అవసరం రాలేదని చెప్పాడు.

ఆయన వెళ్లాక గీత చెరిపేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. గడులు రెండూ మాత్రం పక్కపక్కనే ఉండిపోయాయి. దంపతుల గది పేరు మార్చాలి, ఆవిడ గదికి ఆవిడ మాట ఒకటి వేద్దామని ఫైళ్లు రెండూ మొదట్నుంచీ చివరిదాకా తిరగేశాను. మేనమామ మాటలున్నాయి, తాత వీలునామా ఉంది, వచ్చిపోయిన పెళ్లికొడుకుల ఊళ్లున్నాయి. ఆవిడ అన్నది ఒక్క ముక్క లేదు. ఒప్పుకుందో, ఏడ్చిందో, అలవాటు పడిందో ఎవరూ రాసిపెట్టలేదు. నాకు చాలా భయమేసింది. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. మాఘం ఇంకా నాలుగు నెలలుంది.

ఆ శుక్రవారం హాకర్ సెంటర్‌లో మామయ్యకి ఈ కథంతా చెప్పాను. నేను చేసిన తప్పు కూడా చెప్పాను. ఆయన బాగా నవ్వాడు. మీ ఆఫీసువాళ్లకి మేనరికం గురించి పాఠం చెప్పొచ్చావన్నమాట అన్నాడు. తర్వాత నా పళ్లెంలోకి తన గుడ్డు వేస్తూ అన్నాడు: "అయినా ఆవిణ్ణి బానే చూసుకున్నాడు కదే. ఇంకేం కావాలంటా?"

మూడు సంబంధాల సంగతి చెప్పాను, గేటు సంగతి చెప్పాను, ఇంత చెప్పినా ఆయనకి ఆ ఇంట్లో తప్పేమీ కనపడలేదు. నేను చెంచా కింద పెట్టాను.

"మామయ్యా, నాకీ పెళ్లి వద్దు."

చుట్టూ ఆఫీసు జనం. మా బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఒకావిడ ట్రే పట్టుకుని మా వెనకే నిలబడి ఉంది. మామయ్య అన్నం పూర్తిగా తిన్నాడు. ఒక్క మెతుకు వదల్లేదు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నాను. నావల్ల తప్పేమైనా జరిగిందా అన్నాడు. లేదన్నాను. మరెందుకు అన్నాడు. నీ దగ్గర నాకు ఊపిరాడట్లేదు మామయ్యా అన్నాను. ఆ మాట అంటూ ఏడ్చాను. ఆయన టిష్యూ ప్యాకెట్ నా వైపు జరిపాడు. చివరికి ఇలా అన్నాడు:

"అక్కతో నేను చెప్తాలే. నాకే ఇష్టం లేదని చెప్తాను. నువ్వు మాత్రం నోరెత్తకు. ఆడపిల్లవి, మాట పడతావు."

నేను తలూపాను. నోట్లో బూరెలేమీ లేవు, అయినా తలూపాను. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. మర్నాడే నా పాస్‌పోర్టు కవర్లో పెట్టి తెచ్చిచ్చాడు. సోమవారం సెంబవాంగ్‌లో తలుపు తెరుచుకుంటే ఎదురుగా ఎవరూ లేరు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, రైలు మారాల్సిన స్టేషన్ దాకా కూర్చున్నాను. ఆ రోజు నాకు పండగే.

ఆ పండగ ఖర్చంతా ఆయన పెట్టుకున్నాడని అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అమ్మ తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. సింగపూర్ వెళ్లి కళ్లు నెత్తికెక్కాయంది. పిల్లని పరాయి దేశం తీసుకెళ్లి వదిలేశాడంది. ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. పొలంలో గట్టు వేయించింది అమ్మే. ఆయన తన పెళ్లికి పిలిస్తే వెళ్లలేదు, నా పెళ్లికి ఆయన్ని పిలవనివ్వలేదు. చుట్టాలకి నేను, పాపం, మేనమామ కాదన్న పిల్లని. ఆ జాలితోనే నాకు మంచి సంబంధం చూశారు, ఆ జాలితోనే అత్తవారింట్లో నన్ను బాగా చూసుకున్నారు. ఏటా చెబుదామనుకునేదాన్ని. ఏటా ఏదో ఒక శుభకార్యం అడ్డొచ్చేది. అసలు సంగతి, నాకు ఆ జాలి సుఖంగా ఉంది. ఆయన చాటున ఉండడం నాకు బారసాల నాటినుంచీ అలవాటే.

నేను ఇప్పటికీ వుడ్‌ల్యాండ్స్‌లోనే ఉన్నాను. మామయ్య భార్యా పిల్లలతో సెంబవాంగ్‌లోనే ఉన్నాడు. కిందటి నెల అమ్మ మా దగ్గరికొచ్చింది. తమ్ముడు పక్కనే ఉన్నాడని తెలుసు. ఆయన గుండెకి ఆపరేషన్ జరిగిందనీ తెలుసు. వెళ్దామా అన్నాను. మొహం తిప్పుకుంది. మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. నేనూ ఎదురుగా కూర్చుని ఒలుస్తూ, పాతికేళ్లుగా గొంతులో ఉన్నది చెప్పేశాను.

"అమ్మా, అప్పుడు వద్దన్నది మామయ్య కాదు. నేను."

అమ్మ తలెత్తి నావైపు చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు నేను జ్వరంతో పడుకుంటే అలా చూసేది.

"వాడి తప్పు నీ నెత్తినేసుకోకే. ఆపరేషన్ అయ్యిందని జాలిపడి అంటున్నావు. నువ్వు వద్దనే రకానివా?"

నేను ఒట్టేశాను. హాకర్ సెంటర్ సంగతి చెప్పాను, గుడ్డు సంగతి చెప్పాను, ఇటలీ ఇల్లు సంగతి చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు అయిపోయేదాకా ఓపిగ్గా విని, ఎవరింటి కథో నాకెందుకు అని పళ్లెం తీసుకుని లోపలికెళ్లింది. ఆ శుక్రవారం ఆ బల్ల దగ్గర ఉన్నది నేనూ మామయ్యా ఇద్దరమే. మామయ్యని అడిగితే, తనే వద్దన్నానంటాడు.